శాన్ సీరోలో పదిహేను రౌండ్లు

1960 సెప్టెంబర్ 1, గురువారం. మిలాన్‌లో చీకటి పడుతోంది. ట్రాము దిగి జనంలో పడ్డారు మీరు. ఇక మీ కాళ్ళు మీ మాట వినవు, గుంపు ఎటు తోస్తే అటే. ఎదురుగా శాన్ సీరో స్టేడియం. దాని ఒంటిని చుట్టేస్తూ ఏటవాలు కాంక్రీటు దారులు పైకి పోతున్నాయి. ఐదేళ్ళ కిందట రెండో అంతస్తు గ్యాలరీ లేపినప్పుడు కట్టినవి. వాటి మీద నడిచి నడిచి పైకి చేరేసరికి ఆయాసం రాకపోతే అడగండి.

మైదానంలోకి చూడండి. ఆదివారాల్లో మిలాన్, ఇంటర్ జట్లు ఫుట్‌బాల్ ఆడే పచ్చిక నడుమ ఇవాళ బాక్సింగ్ రింగు వేశారు. ఇరవై అడుగులకు అటూ ఇటూగా ఉండే చదరం. వెలుతురంతా దాని మీదే. చుట్టూ అరవై వేల మందికి పైగా కూర్చున్నారని రేపు చెప్పుకుంటారు. ఇంత ఎత్తు నుంచి అందులో తలపడే ఇద్దరూ వేలెడంత కనపడతారు. దెబ్బ పడిందని పై వరుసలవాళ్ళకు తెలిసేది కళ్ళతో కాదు, కింది వరుసల కేకతో. మనం కిందికే పోదాం రండి. కథలో ఉన్న సుఖం అదే, టికెట్టు చూపించమనేవాడు ఉండడు.

దారిలో ఎవరి చేతిలో పేపరు చూసినా రోమ్ కబుర్లే. వారం కిందట అక్కడ ఒలింపిక్స్ మొదలయ్యాయి, బాక్సింగ్ పోటీలు జోరుగా సాగుతున్నాయి. నీనో బెన్వెనూతీ మీద దేశమంతా ఆశలు పెట్టుకుంది. అమెరికా నుంచి కాసియస్ క్లే అనే పద్దెనిమిదేళ్ళ వాడొచ్చాడు. ముహమ్మద్ అలీ అన్న పేరు అతనికింకా రాలేదు. లైట్‌వెయిట్‌లో ఈ ఊరి కుర్రాడే ఒకడున్నాడు, సాండ్రో లొపోపొలో. అక్కడ వెండి పతకం గెలిచి, ఆరేళ్ళ తర్వాత ఇవాళ ఇక్కడ పందెంలో ఉన్న టైటిల్‌నే అందుకుంటాడు. కానీ ఈ రాత్రి మిలాన్‌కు అతను గుర్తు లేడు.

రింగు పక్కకు వచ్చేశాం. ఈ మూల దుయీలియో లోయి. వయసు 31. ఐదున్నర అడుగులు కూడా లేడు. ఆ మూల కార్లోస్ ఓర్టిజ్, ప్యూర్టో రికోలో పుట్టి న్యూయార్క్‌లో పెరిగినవాడు. ఇంకో వారంలో 24 నిండుతాయి. జూనియర్ వెల్టర్‌వెయిట్ ప్రపంచ చాంపియన్ అతనే. ఈ బరువుకు హద్దు 140 పౌండ్లు, అంటే 63.5 కిలోలు. జూన్ 15న శాన్ ఫ్రాన్సిస్కో పక్కనున్న కౌ ప్యాలెస్‌లో ఈ ఇద్దరే తలపడ్డారు. తీర్పు చెప్పే ముగ్గురిలో ఇద్దరు ఓర్టిజ్‌కు ఇచ్చారు, ఒకరు లోయికి. అంత పల్చటి తేడాతో ఓడినవాడు ఊరుకుంటాడా?

గంట కొట్టారు.

ఓర్టిజ్ ఎడమ చెయ్యి సూటిగా వస్తుంది. మంచి జాబ్ అది, ఏ బడిలోనైనా చూపించి నేర్పించవచ్చు. అది వచ్చేసరికి లోయి తల అక్కడ ఉండదు. నడుము వంచి కిందికి జారతాడు, పక్కకు ఒరుగుతాడు, ఒకడుగు లోపలికి వేసి పక్కటెముకల మీద ఎడమ హుక్ ఒకటి వేసి అదే ఊపులో బయటికి వచ్చేస్తాడు. కబడ్డీలో కూతకెళ్ళి, ఒకణ్ణి తాకి, ఊపిరి తెగకముందే గీత దాటి వచ్చే ఆటగాణ్ణి చూశారుగా, అచ్చం అలాగే. అతని చేతులు చూడొద్దు, పాదాలు చూడండి. ముందు కాలి బొటనవేలు దగ్గర ఒక జానెడు చోటు ఉంది. ఆ జానెడు తనదని తేలితేనే కొడతాడు. తనది కాకపోతే చెయ్యి ఎత్తడు, నడక మార్చి మళ్ళీ కొలుచుకుంటాడు.

పడగొడితే చాలు అనుకునే జనానికి ఈ ఆట చప్పగా అనిపించవచ్చు. లోయి తన జీవితంలో 115 పోటీలు గెలుస్తాడు. వాటిలో నాకౌట్లు 26 మాత్రమే. మిగతావి దాదాపు అన్నీ చివరి గంట దాకా నిలబడి లెక్కతో గెలిచినవి. బలం లేక అలా ఆడాడని కొందరంటారు. నేనొప్పుకోను. ఒక్క దెబ్బతో తేలే పోటీలో అదృష్టానికి వాటా ఉంటుంది. నలభై ఐదు నిమిషాలు తగలకుండా తప్పుకుంటూ, తగిలిస్తూ ఉండే పోటీలో దానికి చోటు తక్కువ.

రౌండు ముగిసింది. ఒక్క నిమిషం విరామం. ఆ మూలకు ఇంకా దగ్గరగా జరగండి. స్టూలు తాళ్ళ కింద నుంచి లోపలికి వచ్చేసింది, లోయి కూర్చునేలోపే. ఒకరు నోట్లోంచి పళ్ళ కవచం లాగి సీసా నీళ్ళతో కడుగుతున్నారు. ఇంకొకరు నిక్కరు పట్టీ ముందుకు లాగి పట్టుకున్నారు, పొట్టనిండా గాలి పీల్చుకోవడానికి. స్పాంజితో మెడ మీద నీళ్ళు. తర్వాత కనుబొమల మీద, చెంపల ఎముకల మీద వ్యాజిలీన్ దట్టంగా రాస్తారు, గ్లవ్ తోలు అంటుకోకుండా జారిపోవాలని. చర్మం చిట్లేది ఎక్కువగా అక్కడే. చెప్పాల్సిన మాట ఒకటో రెండో, అవీ చెవి దగ్గర. అరవై సెకన్లలో అతనికి మిగిలేవి నాలుగు నిండు ఊపిర్లు.

ఈ నిమిషాన్ని మనమూ వాడుకుందాం. ఈ మనిషి ఏ ఊరివాడు? పుట్టింది త్రియెస్తేలో, 1929లో. తండ్రిది సార్డీనియా. పెరిగింది జెనోవా రేవులో. పేరు తెచ్చుకున్నది మిలాన్‌లో. 1948లో డబ్బు తీసుకుని ఆడటం మొదలుపెట్టాడు. నాలుగేళ్ళు ఓటమి ఎరగడు. 1952లో యూరప్ లైట్‌వెయిట్ టైటిల్ కోసం కోపెన్‌హాగన్ వెళ్ళి, డెన్మార్క్ వాడైన యోర్గెన్ యోహాన్సెన్ చేతిలో పాయింట్ల మీద ఓడాడు. 1954లో అదే యోహాన్సెన్‌ను మిలాన్‌లో ఓడించి ఆ టైటిల్ లాక్కున్నాడు. 1959 దాకా దాన్ని ఎవరూ అతని చేతిలోంచి తీసుకోలేకపోయారు. తనే వదిలి, పై బరువుకు ఎక్కి, ఎమీలియో మార్కోనీని ఓడించి వెల్టర్‌వెయిట్‌లోనూ యూరప్ చాంపియన్ అయ్యాడు.

మరి ప్రపంచ లైట్‌వెయిట్ టైటిల్? నాకు కడుపు మండేది ఇక్కడే. 1951 నుంచి 1956 దాకా అది ఏడుసార్లు చేతులు మారింది. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, బోస్టన్, న్యూ ఆర్లీన్స్... ప్రతిసారీ అమెరికా గడ్డ మీదే. ఆ తర్వాత జో బ్రౌన్ దగ్గర ఆరేళ్ళు ఉండిపోయింది. యూరప్‌లో ఐదేళ్ళు మకుటం పెట్టుకుని తిరిగిన లోయికి ఒక్క పిలుపూ రాలేదు. చివరికి దొరికింది ఈ జూనియర్ వెల్టర్ టైటిల్. చాలా ఏళ్ళు మూలన పడి, 1959లో ఓర్టిజ్‌తోనే మళ్ళీ లేచింది. పెద్దమనుషులు కొందరు దాన్ని సగం టైటిల్ అని చిన్నచూపు చూశారు. రింగులో నిలబడ్డ ఓర్టిజ్‌లో సగం ఏమీ కనపడదు. రెండేళ్ళు తిరగకుండా జో బ్రౌన్‌ను ఓడించి అసలు లైట్‌వెయిట్ ప్రపంచ చాంపియన్ కాబోయేది అతనే.

పదకొండు, పన్నెండు, పదమూడు... రౌండ్లు బరువెక్కుతున్నాయి. గ్లవ్స్ చెమట, నీళ్ళు తాగి ఇంకా బరువెక్కాయి. పై గ్యాలరీ నుంచి దిగే అరుపు ఇక్కడికొచ్చేసరికి మాటగా ఉండదు, రింగు చెక్కల్లో అదురుగా తెలుస్తుంది. అరచెయ్యి ఆనించి చూడండి. తొలి రౌండ్లలో కొలతకు పట్టిన జానెడు ఇప్పుడు లోయికి దొరకడం కష్టమవుతోంది. కాళ్ళు అడిగినంత ఇవ్వవు. ఎదుటివాడు ఏడేళ్ళు చిన్న. అందుకే తప్పుకోవడం తగ్గించి, దగ్గరికి చొచ్చుకుపోయి, భుజం భుజానికి ఆనించి కురచ దెబ్బలు వేస్తాడు. పొట్టివాడికి అక్కడే లాభం.

పదిహేనో రౌండు గంట. ఇద్దరూ నిలబడే ఉన్నారు. జడ్జీల కార్డులు తీశారు. ఇద్దరు లోయికి ఇచ్చారు, మూడో కార్డు సమానం. ఇక మీరు ఎవరి భుజం మీద ఉన్నారో, మీ టోపీ ఎటు పోయిందో వెతక్కండి. ఇటలీకి ఈ బరువులో ప్రపంచ చాంపియన్ దొరికాడు.

1961 మే 10న ఓర్టిజ్ మళ్ళీ ఇదే మైదానానికి వచ్చాడు. ఈసారి కార్డుల్లో తేడా రాలేదు, అన్నీ లోయివే. తర్వాత షికాగో నుంచి ఎడ్డీ పెర్కిన్స్ వచ్చాడు. తగలకుండా ఆడే విద్యలో లోయికి తీసిపోనివాడు. అక్టోబర్‌లో ఇద్దరూ సమానమయ్యారు. 1962 సెప్టెంబర్ 14న పెర్కిన్స్ టైటిల్ పట్టుకుపోయాడు. మూడు నెలలు తిరగ్గానే, డిసెంబర్ 15న, 33 ఏళ్ళ లోయి మిలాన్‌లోనే పదిహేను రౌండ్లాడి దాన్ని వెనక్కి తెచ్చుకున్నాడు. 126 పోటీల్లో అతను ఓడినవి మూడే: యోహాన్సెన్, ఓర్టిజ్, పెర్కిన్స్. ముగ్గురినీ మళ్ళీ ఎదుర్కొని ఓడించాకే అప్పు తీరిందనుకున్నాడు.

1963 జనవరిలో, టైటిల్ చేతిలో ఉండగానే, ఇక చాలన్నాడు. మార్చి 21న లాస్ ఏంజెలెస్‌లో ఖాళీ అయిన ఆ టైటిల్ కోసం ఫిలిప్పీన్స్‌కు చెందిన రాబర్టో క్రజ్, మెక్సికోకు చెందిన బాట్లింగ్ టోరెస్ రింగులోకి దిగారు. క్రజ్ మొదటి రౌండులోనే నాకౌట్ చేసి పట్టుకుపోయాడు.