తంగేడు: గుర్తింపు చరిత్ర

తంగేడు దక్కన్ మెట్ట నేలల్లో, గుట్టల వాలుల్లో, బీళ్లలో ఎవరూ నాటకుండానే పెరిగే పసుపు పూల పొద. భారత ఉపఖండమే దీని సొంత గడ్డ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు బతుకమ్మ పేర్చాలంటే గునుగుతో పాటు తంగేడు ఉండి తీరాలి. 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. ఇంతగా తెలిసిన మొక్కను గుర్తుపట్టడంలో కష్టమేముందని అనిపిస్తుంది. అయితే పువ్వును మాత్రమే చూసి ఇది తంగేడని తేల్చడానికి లేదు. నమ్మదగిన ఆనవాలు ఆకు మొదట్లో ఉంది.

లిన్నేయస్ 1753లో ఈ మొక్కను కేసియా ప్రజాతిలో చేర్చాడు. రేల, కసివింద కూడా అందులోనే ఉండేవి. సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ తంగేడును సెన్నా ప్రజాతికి మార్చాడు. అతడు పోయాక 1832లో అచ్చయిన ‘ఫ్లోరా ఇండికా’లో ఆ పేరు కనిపిస్తుంది. తరువాతి వాళ్లు దాన్ని పట్టించుకోలేదు. హుకర్ సంపాదకత్వంలో వచ్చిన బ్రిటిష్ ఇండియా వృక్షజాల గ్రంథం రెండో సంపుటంలో తంగేడు మళ్లీ కేసియాయే. 1982లో వృక్షశాస్త్రవేత్తలు ఇర్విన్, బార్నెబీ ఆ పెద్ద ప్రజాతిని మూడుగా విడగొట్టాక గానీ రాక్స్‌బర్గ్ పెట్టిన పేరు నిలబడలేదు. ఈలోగా గాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథం 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చింది. జగిత్యాల, సిరిసిల్లలున్న కరీంనగర్ ప్రాంతం అప్పట్లో నిజాం రాజ్యంలోది కాబట్టి దాని పరిధిలోకి రాదు. మొక్కలకు సరిహద్దులు లేకపోయినా మొక్కల పుస్తకాలకు ఉన్నాయి!

కేసియా ప్రజాతి విభజనకు ఒక ఆధారం పువ్వులోని కేసరాలే కదా, మరి పువ్వును ఎందుకు తక్కువ చేయాలని ఎవరైనా అడగవచ్చు. కేసరాలు రేలను తంగేడు నుంచి వేరు చేస్తాయి, నిజమే. రేల పువ్వులో మూడు కేసరాల కాడలు పొడవుగా, వంపు తిరిగి ఉంటాయి. అలాంటి వంపు తంగేడులో లేదు. కానీ రేలను చూసి తంగేడనుకునే వాళ్లు అరుదు. పొరపాటు జరిగేది సీమ తంగేడు దగ్గర. ఆగ్నేయాసియా నుంచి వచ్చి రోడ్ల పక్కన నీడకోసం పెంచే చెట్టయిన ఈ మొక్కా సెన్నాయే. అమెరికా నుంచి వచ్చిన కసివిందా అంతే. మూడింటికీ అయిదేసి పసుపు రేకులు, కొనన రంధ్రాలతో తెరుచుకునే పుప్పొడి తిత్తులు. గుత్తిలోంచి ఒక్క పువ్వు తుంచి చేతిలో పెడితే తేడా చెప్పడం తేలిక కాదు.

ఆకు దగ్గరికి వస్తే ఈ తికమక పోతుంది. తంగేడు ఆకుకాడ మొదట్లో రెండు వైపులా చెవి తమ్మెల్లా గుండ్రటి పత్రపుచ్ఛాలు ఉంటాయి. అవి తొందరగా రాలవు. ఎదురెదురు చిట్టాకుల జతల నడుమ నిటారుగా నిలిచిన సన్నని గ్రంథులు కనిపిస్తాయి. సీమ తంగేడులో పత్రపుచ్ఛాలు చిన్నవి, త్వరగా రాలిపోతాయి, చిట్టాకుల నడుమ గ్రంథులు ఉండవు. కసివిందకు కొనదేలిన చిట్టాకులు నాలుగైదు జతలే, నలిపితే ఘాటు వాసన. కాయను బట్టి కూడా చెప్పవచ్చు. తంగేడు కాయ చదునుగా, కాగితంలా పలచగా ఉంటే, సీమ తంగేడు కాయ దానికంటే పొడవు, అంచులు దళసరి. కాకపోతే కాయ కోసం కాపు దాకా ఆగాలి. ఆకుకు ఆ ఇబ్బంది లేదు.

తరతరాలుగా పూలు కోసే ఆడవాళ్లు ఏ పత్రపుచ్ఛాన్నీ చూడకుండానే తంగేడును పట్టేస్తారన్నది మరో అభ్యంతరం. ఇది బలమైన మాటే గానీ వాళ్లు చూసేది కూడా ఒక్క పువ్వును కాదు. పొద ఎత్తు, చెల్క గెట్టు, గుట్ట వాలు అన్నీ కలిసి వాళ్లకు ఆనవాలు. బీళ్లు తగ్గి పూలు బజారులో కొనే పట్టణవాసికి ఆ చోటు కనబడదు, గుత్తి ఒక్కటే దొరుకుతుంది.

మొక్కను గుర్తుపట్టాక దాన్ని బట్టి నేలను అంచనా వేయడంలోనూ జాగ్రత్త కావాలి. తంగేడు ఉన్న ప్రతి చోటూ అనాది గడ్డిమైదానమే అనుకోవడం సరికాదు. పశువులు సాధారణంగా దీని జోలికి పోవు కాబట్టి, గడ్డి అతిగా మేసేసిన నేలలోనూ ఇది నిలబడి విస్తరిస్తుంది. మరోవైపు, చెట్లు పలచగా ఉన్న ప్రతి నేలా చెడిపోయిన అడవేనన్న పాత నమ్మకాన్ని పర్యావరణ శాస్త్రవేత్త జయశ్రీ రత్నం బృందం 2011లో ప్రశ్నించింది. భారతదేశంలో అడవులుగా లెక్కించే చాలా చోట్లు నిజానికి సవానాలని, అంటే చెట్లు పలచగా ఉండే గడ్డి నేలలని వాళ్ల వాదన. ఒక బీడు ఏ కోవదో తేల్చాలంటే అక్కడి గడ్డి జాతులను కూడా చూడాలి. తంగేడు ఒక్కటే అందుకు సాక్ష్యం కాదు.