అందెల చప్పుడు ఆగిన చోట

దంతెవాడలో శంఖిని, డంకిని ఏరులు కలిసేచోట నిలబడి బస్తర్ వాళ్లు ఒక కథ చెబుతారు. ఓరుగల్లు కూలాక కాకతీయుల అన్నమదేవుడు అడవిదారి పట్టాడట. దంతేశ్వరి అమ్మవారు వరమిచ్చింది: నువ్వు ముందు నడువు, నేను వెనక వస్తాను, ఎంతదూరం నడిస్తే అంత నేలా నీదే, వెనక్కి మాత్రం తిరగకు. అందెల చప్పుడు వింటూ నడిచాడు. ఏటి ఇసుకలో అమ్మ పాదాలు కూరుకుపోయి చప్పుడు ఆగింది. వస్తోందో లేదో అని వెనక్కి చూశాడు. అమ్మ అక్కడే నిలిచిపోయింది. 1323 తర్వాతి ఆ వలసలో ఏది చరిత్రో ఏది పుక్కిటి పురాణమో పండితులు తేల్చుకుంటారు. ఇక్కడి జనానికి మాత్రం అన్నమదేవుడు తెలుగునేల నుంచి నడిచొచ్చినవాడు.

నేను చెప్పేది కూడా తెలుగునేల వదిలి దూరం నడిచినవాళ్ల కథే. వీళ్లు రాజులు కారు, బీటెక్ పూర్తిచేసిన పిల్లలు. కొంటా, భోపాలపట్నం, జగదల్‌పూర్ తెలుగిళ్లలో కూడా ఇప్పుడు అమెరికా మాట వినబడుతోంది కాబట్టి ఇక్కడ చెప్పడం.

కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అని ఒక ఊరు. అక్కడ 2008లో సుసాన్ షావ్‌పింగ్ సు అనే ఆవిడ ట్రైవ్యాలీ యూనివర్సిటీ పెట్టింది. మా క్రెడిట్లను వేరే విశ్వవిద్యాలయాలు ఒప్పుకుంటాయని దొంగ కాగితాలు చూపించి, 2009 ఫిబ్రవరిలో విదేశీ విద్యార్థులకు ఐ-20 పత్రాలు ఇచ్చే అనుమతి సంపాదించింది. ఐ-20 లేనిదే ఎఫ్-1 అనే విద్యార్థి వీసా లేదు. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ వీసాలివ్వడం మొదలుపెట్టిందీ ఆ 2009లోనే. అక్కడి అమీర్‌పేటలో కన్సల్టెన్సీ బోర్డులు పెరుగుతున్న కాలం, చిల్కూరు బాలాజీ గుడిలో వీసా కోసం ప్రదక్షిణలు చేసే కాలం.

కొద్దిమందితో మొదలైన బడి రెండేళ్లు తిరక్కుండా పదిహేను వందల మందిని దాటింది. నూటికి తొంభైమందికి పైగా భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. అందరూ ఇక్కణ్ణుంచి నేరుగా ట్రైవ్యాలీకి పోయినవాళ్లు కారు. చాలామంది ముందు సక్రమమైన కాలేజీల్లోనే చేరారు. సెమిస్టరు ఫీజు చూసి గుండె జారింది. అప్పటికే ఊళ్లో పొలం మీదో ఇంటి మీదో బ్యాంకు అప్పు ఉంది. అలాంటప్పుడు రూమ్మేటు చెవిలో వేస్తాడు: ఫీజు తక్కువ, క్లాసులకు వెళ్లక్కర్లేదు, చేరిన రోజే సీపీటీ ఇస్తారు, ఏ రాష్ట్రంలోనైనా ఉద్యోగం చేసుకోవచ్చు. ఆ రూమ్మేటుకూ అందులో ఒక లెక్క ఉంది. కొత్తవాణ్ణి చేర్పించిన పాత విద్యార్థికి ఫీజులో ఇరవై శాతం దాకా వాటా ముట్టేదని తర్వాత బయటపడింది. అన్నా అని పిలిచినవాణ్ణే తమ్ముడు నమ్మాడు. ఈ కథలో నాకు అన్నిటికన్నా బరువుగా తోచేది ఇదే. మోసం పరాయివాడి నోటి నుంచి రాలేదు, మన మాటలోనే, మన వరసల్లోనే వచ్చింది.

నిబంధన ఏమిటో ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అప్పుడు చాలామందికి ఎవరూ చెప్పలేదు. పాస్‌పోర్టులో పడే వీసా స్టాంపు గుమ్మం దాకా తీసుకెళ్తుంది, అంతే. లోపల నిలబెట్టేది స్టేటస్. ఎఫ్-1 విద్యార్థి ప్రతి సెమిస్టరూ పూర్తి కోర్సులు చదవాలి. అందులో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే, మూడు క్రెడిట్ల దాకానే లెక్కకొస్తుంది. మిగతావాటికి క్లాసురూములో కూర్చోవాల్సిందే. క్యాంపస్‌లో పనైతే చదువు నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలు. సీపీటీ అంటే చదువులో భాగమైన ఉద్యోగ శిక్షణ. మామూలుగా ఒక విద్యా సంవత్సరం నిండాకే అది వస్తుంది. కోర్సే మొదటి నుంచి శిక్షణ కోరితే కొన్ని పీజీలకు మినహాయింపు ఉంది, ఆ సందులోంచే దొంగ బళ్లు దూరాయి. చదువు కాలిఫోర్నియాలో, కొలువు మేరీల్యాండ్‌లో, క్లాసు ఎప్పుడైనా లాప్‌టాప్‌లో. దీన్ని ఏ నిబంధనా ఒప్పుకోదు. ట్రైవ్యాలీ దస్త్రాల్లో సగానికి పైగా విద్యార్థుల చిరునామా సన్నీవేల్‌లోని ఒకే అపార్టుమెంటు. అన్ని వందలమంది ఒక గదిలో కాపురం!

2011 జనవరి 19న ఇమ్మిగ్రేషన్ అధికారులు దాడి చేశారు. బడి మూతపడింది. బడి పోతే ఐ-20 పోతుంది, ఐ-20తో స్టేటస్ పోతుంది. తెల్లారేసరికి పదిహేను వందల పైచిలుకు పిల్లలు ఏ అండా లేకుండా మిగిలారు. విచారణకు పిలిచారు, ఇళ్లకొచ్చి ప్రశ్నించారు. పద్దెనిమిది మంది కాళ్లకు రేడియో ట్యాగులు బిగించారు. ఎక్కడికి కదిలినా ఆ పెట్టె అధికారులకు చెబుతుంది.

కొడుకు చీలమండకు నల్లటి పెట్టె ఉన్న దృశ్యాన్ని ఇక్కడి తల్లిదండ్రులు టీవీలో చూశారు. అందె మోగితే నడక సాగుతున్నట్టు. ఈ పెట్టె మోగదు, పరుగు ఎక్కడ ఆగిందో మాత్రం చెబుతుంది. ఇది అమానుషమని విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణ నిరసన తెలిపారు. జైల్లో పెట్టకుండా ఇలా వదలడమే మెరుగు, దానర్థం నేరస్తుడని కాదు అని అమెరికా సర్ది చెప్పింది. చట్టం లెక్కలో అది నిజమే కావచ్చు. కానీ కాలికి గొలుసు అంటే మన ఊళ్లో ఏమిటో ఆ వివరణ రాసినవాళ్లకు తెలియదు.

ట్యాగులు మెల్లగా తీశారు. కొందరికి వేరే కాలేజీలకు మారే అవకాశం దొరికింది, కొందరు తిరిగొచ్చారు. తిరిగొచ్చినవాణ్ణి ఊరు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో అందరికీ తెలుసు. బ్యాంకు ఆ ప్రశ్న కూడా అడగదు, వాయిదా అడుగుతుంది.

వాళ్లందరూ అమాయకులేనా? కారు. క్లాసు లేని కాలేజీ ఉండదని ఇంజనీరింగ్ చదివినవాడికి తెలియకపోవడం కష్టం. తెలిసీ చేరినవాళ్లున్నారు, వాటా పుచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ప్రభుత్వ అనుమతి ఉన్న బళ్ల జాబితాలో ఆ పేరు ఉండేది. కాన్సులేట్ అదే ఐ-20 చూసి వీసా ముద్ర వేసింది. ఇరవై రెండేళ్ల పిల్లాడు ఆ ముద్రను నమ్మడం తప్పని నేననలేను.

సుసాన్ సు ఆ ఫీజులతో ఇళ్లు, కార్లు కొన్నది. 2014 మార్చిలో జ్యూరీ ఆమెను 31 నేరాల్లో దోషిగా తేల్చింది. అక్టోబరు చివర 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. 56 లక్షల డాలర్ల ఆస్తి జప్తుకు కోర్టు ఆదేశించింది.

అక్కడితో మనవాళ్లు జాగ్రత్తపడ్డారని రాయగలిగితే బాగుండేది. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో ఒక ఆఫీసు భవనంలో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ అని మరో బడి వెలిసింది. వెబ్‌సైటుంది, అనుమతుంది. టీచర్లు లేరు, క్లాసుల్లేవు. ఈసారి బడి పెట్టింది ఏ మోసగత్తో కాదు, హోంలాండ్ సెక్యూరిటీ విభాగమే. రహస్య ఏజెంట్లే సిబ్బందిగా నటించి ఫీజులు కట్టించుకున్నారు. ఆరు వందల మంది దాకా చేరారు. 2019 జనవరి ఆఖర్లో వల లాగారు. విద్యార్థుల్ని చేర్పించారని ఎనిమిది మంది మీద క్రిమినల్ కేసులు పడ్డాయి, వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. మొదటి రోజుల్లో నిర్బంధించిన నూట ముప్పై మందిలో ఒక్కరు తప్ప అందరూ భారతీయులు. ఢిల్లీలో మన విదేశాంగ శాఖ అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన పత్రం ఇచ్చింది, వాషింగ్టన్‌లో మన రాయబార కార్యాలయం ఇరవైనాలుగు గంటల హెల్ప్‌లైన్ తెరిచింది. అరెస్టుల సంఖ్య ఆ ఏడాది చివరికి 250 దాకా చేరింది.

కనుక, కొంటా నుంచో బీజాపూర్ నుంచో బయల్దేరే పిల్లవాడా, అనుమతి పొందిన బళ్ల జాబితాలో పేరుందా అని చూసి ఆగకు. ఫార్మింగ్టన్ కూడా ఆ జాబితాలో ఉండేది. నీ కోర్సు క్లాసులు ఏ భవనంలో, వారంలో ఏయే రోజుల్లో జరుగుతాయో అడుగు. పాఠం చెప్పే ప్రొఫెసరుకు నువ్వే ఉత్తరం రాయి. అక్కడ చదివి పట్టా తీసుకున్నవాణ్ణి వెతుక్కో, కమిషను వచ్చేవాడి మాట వేరుగా తూచు. అమెరికా వాళ్ల లెక్కలో ఛత్తీస్‌గఢ్ ముంబై కాన్సులేట్ కిందికొస్తుంది, హైదరాబాద్ కిందికి కాదు. ఆ సంగతి కూడా ముందే కనుక్కో. చేరాక ఏ అనుమానమొచ్చినా కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారం చూసే అధికారిని అడిగి జవాబు మెయిల్లో తీసుకో.

ఫార్మింగ్టన్‌లో ఫీజు కట్టిన విద్యార్థి ఒకరు ప్రభుత్వం మీదే దావా వేశారు. చదువు చెబుతామని డబ్బు పుచ్చుకున్నారు, చెప్పలేదు, ఒప్పందం తప్పారు కాబట్టి తిరిగివ్వండి అన్నది ఆ దావా. అది ప్రభుత్వం సార్వభౌమ హోదాలో చేసిన పని, ఒప్పందాల చట్టం కిందికి రాదు అని సర్కారు వాదన. కింది కోర్టు కేసు కొట్టేసింది. 2024లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగేసి, కేసు ముందుకు నడవొచ్చంది.