పోటునీటికి కళ్లెము

అమావాస్యకును పూర్ణిమకును సముద్రపు పోటు ఎక్కువ, అష్టమినాడు తక్కువ. ఇది ప్రతి జాలరికిని తెలిసిన సంగతియే. కాని ఆ ప్రవాహములో చక్రమును నిలిపి విద్యుత్తు తీయదలచిన ఇంజనీరునకు ఈ హెచ్చుతగ్గులే పెద్ద చిక్కు. ప్రవాహవేగము రెట్టింపైనచో అందలి సామర్థ్యము ఎనిమిది రెట్లగును. చక్రమును వెనుకకు నెట్టు బలము నాలుగు రెట్లగును. పైగా సముద్రజలము గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. సెకనుకు మూడు మీటర్ల నీటి ప్రవాహము కలిగించు ఒత్తిడి పెనుతుపాను గాలి ఒత్తిడిని మించును.

1970ల చివర, పీటర్ ఫ్రాంకెల్ అను ఆంగ్లేయ ఇంజనీరు జూబా పట్టణమువద్ద తెల్లనైలు నదిలో తేలుదెప్పకు చక్రమును కట్టి, పొలములకు నీరు తోడించు ప్రయోగములలో పాల్గొనెను. నది ఒకే దిక్కునకు, ఇంచుమించు ఒకే వేగముతో పారును గనుక అక్కడ నియంత్రణసమస్య అంతగా తలయెత్తలేదు. 1994–95లో స్కాట్లండునందలి లిన్నీ ఉప్పుకయ్యలో 15 కిలోవాట్ల చిన్నయంత్రము నడిచినది. ఆపై వచ్చినవే అసలు పరీక్షలు.

న్యూయార్కు నగరమునందలి ఈస్ట్ రివర్ పేరునకు నదియేగాని నిజమునకు పోటుపాటులు గల జలసంధి. 2006 డిసెంబరులో అచట 5 మీటర్ల వ్యాసముగల చక్రములను దింపిరి. వాటి రెక్కలు కదలక బిగించినవి. కొద్దికాలమునకే ప్రవాహధాటికి అవి విరిగెను. మారుగా బలమైన రెక్కలను అమర్చగా, ఈసారి చక్రనాభివద్ద బోల్టులు తెగినవి. 2008లో మూడవ నమూనా దింపవలసివచ్చెను. ఒకచోట బలపరచిన, బలము మరియొకచోటికి పోయి అచ్చట త్రుంచినది.

బిగించిన రెక్కలతో మరియొక చిక్కు కలదు. జనరేటరు విద్యుత్తు తీసికొనుట మానినంతమాత్రమున రెక్కలపై భారము పోదు. పగ్గము తెగిన ఎద్దువలె చక్రము ఇంకను వేగముగ తిరుగును.

ఫ్రాంకెల్ బృందము వేరొక మార్గము పట్టినది. 2003లో ఇంగ్లండునందలి లిన్‌మత్ తీరమున నిలిపిన 300 కిలోవాట్ల ‘సీఫ్లో’లో రెక్కలు తమ అక్షముచుట్టు తిరుగగలవు. ఉత్తర ఐర్లండులోని స్ట్రాంగ్‌ఫర్డ్ కయ్యలో 2008లో నెలకొల్పిన ‘సీజెన్’ దీని పెద్దతమ్ముడు. 16 మీటర్ల చక్రములు రెండు, మొత్తము 1.2 మెగావాట్లు. ప్రవాహము సెకనుకు సుమారు 2.4 మీటర్లకు చేరునప్పటికి యంత్రము పూర్తి సామర్థ్యము నందును. నెట్టుడు గుణకమును 0.8గా గొని లెక్కించిన, అప్పుడు ఒక్కొక్క చక్రముపై పడు బలము దాదాపు 48 టన్నుల బరువునకు సమానము. విద్యార్థులు దీనిని స్వయముగా సరిచూడవచ్చును. విశేషమేమనగా, ఆపై ప్రవాహము పెరిగినకొలది రెక్కలు వాలు మార్చుకొని నీటిని జారవిడుచును. సామర్థ్యము స్థిరముగ నుండును, నెట్టుడుబలమో తగ్గును. అనగా అత్యధిక భారము అత్యధిక ప్రవాహమున గాక ఈ మలుపువద్దనే పడునన్నమాట. పాటునీరు వచ్చినప్పుడు రెక్కలు 180 డిగ్రీలు తిరిగి ఎదురుదిక్కు ప్రవాహమునకు సిద్ధమగును.

ఇంత చేసినను 2008లో పరీక్షించుచుండగా నియంత్రణలోపమువలన ఒక చక్రము రెక్కలు దెబ్బతినినవి. కాపాడవలసిన ఏర్పాటే కీడు చేసినది! ఆ డిసెంబరులో యంత్రము పూర్తి సామర్థ్యమును చేరుకొనెను. పిదప కొన్నియేండ్లు పనిచేసి, 2019 నాటికి తొలగింపబడెను.

కెనడాయందలి ఫండీ అఖాతమునకు పోటుపాటుల వ్యత్యాసములో ప్రపంచప్రసిద్ధి కలదు. 2009 నవంబరులో అచ్చట 10 మీటర్ల టర్బైను నొకదానిని అడుగున దింపిరి. కదలని రెక్కలు, నడుమ ఖాళీ. కదలుభాగములు తక్కువైనచో మరమ్మతు తక్కువయను సదూహ. కాని ప్రవాహము రూపకర్తల అంచనాను చాల మించినది. 2010 డిసెంబరులో పైకితీసి చూడగా పన్నెండు రెక్కలును నాశనమైయుండెను. తప్పు రెక్కలు కదలకపోవుటలోకన్న, ప్రవాహమును ముందుగ సరిగా కొలువకపోవుటలో హెచ్చు.

అందుకే ఆ వాదము ముగియలేదు. స్కాట్లండున పెంట్లండ్ జలసంధిలోని ‘మేజెన్’ తొలిదశయందు నెలకొల్పిన నాలుగు 1.5 మెగావాట్ల యంత్రములకును వాలుమార్చు రెక్కలున్నవి. 2021లో ఆర్క్నీవద్ద దింపిన 2 మెగావాట్ల తేలుయంత్రమునకును అంతే. షెట్లండులో 2016 నుండి దించిన చిన్న 100 కిలోవాట్ల యంత్రములకు మాత్రము బిగించిన రెక్కలే. భారమును జనరేటరు పట్టుచేతనే అదుపుచేయుదురు.