కళ్ళు బైర్లు కమ్మిన చరిత్ర

తెల్లవారుజామున నాలుగు గంటలకు క్యాంపులో సెల్‌ఫోన్ల అలారాలు ఒకదాని వెనక ఒకటి మోగుతాయి. పై మంచాల మీద పడుకున్నవాళ్ళు బాత్రూం దగ్గర క్యూ పెరగకముందే చేరాలని గబగబా దిగుతారు. మొన్న వేసవిలో ఒకరోజు మా పక్క గది కాకా ఒకాయన అట్లాగే దిగాడు. రెండు చేతులూ పైకెత్తి ఒళ్ళు విరుచుకున్నాడు. అంతే, నిలుచున్నవాడు నిలుచున్నట్టే గోడ వెంట జారి కింద కూలబడ్డాడు. మేము పరుగెత్తి వెళ్ళేసరికి అర నిమిషం కూడా అయి ఉండదు, కళ్ళు తెరిచాడు. మేము కంపెనీలో హాజరు రాసే గుమస్తాలం. మా ముఖాలు చూడగానే ఆయన అన్న మొదటి మాట ఇది: "ఏం లేదు బిడ్డా, జర చక్కరొచ్చింది. రాయకు."

ఆ "రాయకు" అన్న మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. మా టైం షీట్‌లో చక్కరొచ్చిందని రాయడానికి గడి లేదు. వచ్చినవాడు ఉన్నాడు, రానివాడు లేడు, డాక్టరు చీటీ తెచ్చినవాడు సిక్. పది గంటలకు సైట్‌లో తల తిరుగుతోందని నీడకు వెళ్ళి కూర్చున్నవాడిని ఫోర్‌మెన్ నాటకం అంటే, మేము సగం రోజు అని రాశాం. ఒకసారి కాదు, చాలాసార్లు రాశాం. దాచుకోవడానికేమీ లేదు. కాకా పడిపోయాక ఈ సంగతి ఏమిటో తెలుసుకుందామని కొన్ని శుక్రవారాలు కూర్చుని చదివాం. చదివినకొద్దీ తెలిసింది ఏమిటంటే, ఈ చక్కరుకు ఒక పెద్ద చరిత్రే ఉంది. ఆ చరిత్రలో మనలాంటి కూలీలే ఎక్కువ కనిపిస్తారు.

మొదలు మాత్రం ఒక గుర్రంతో. ఇంగ్లాండులో స్టీఫెన్ హేల్స్ అనే చర్చి ఫాదరు ఒక ఆడ గుర్రాన్ని పడుకోబెట్టి కట్టి, దాని రక్తనాళంలోకి పొడుగాటి గాజు గొట్టం అమర్చాడు. రక్తం ఆ గొట్టంలో 8 అడుగుల పైదాకా ఎగబాకింది. 1733లో ఈ సంగతి పుస్తకంగా అచ్చయింది. రక్తానికి పీడనం ఉంటుందనీ, దాన్ని కొలవవచ్చనీ లోకానికి తెలిసింది అప్పుడే. మన చేతికి కట్టి గాలి కొట్టే బీపీ పట్టీ ఇటలీలో రివా రొచ్చి చేతుల మీదుగా 1896లో వచ్చింది.

దానికి ఒక సంవత్సరం ముందు, 1895లో, లండన్‌లో లియొనార్డ్ హిల్ అనే ఆయన నిలబడితే రక్తం ఏమవుతుందన్న విషయం మీదే పరిశోధన ప్రకటించాడు. పంజరంలో పెరిగిన కుందేలును నిటారుగా పట్టి ఉంచితే దాని రక్తం పొట్టలోకి, కాళ్ళలోకి దిగిపోతుంది. గుండెకు తిరిగి వచ్చేది తగ్గి అది సొమ్మసిల్లుతుంది. పొట్టను బిగించి నొక్కితే మళ్ళీ తేరుకుంటుంది. ఇది చదివినప్పుడు మాకు ఊళ్ళో బస్తాలు మోసే హమాలీలు నడుముకు తుండుగుడ్డ బిగించి కట్టుకోవడం గుర్తొచ్చింది. వాళ్ళు కట్టుకునేది నడుం పట్టేయకుండా అనుకోండి, అయినా గుర్తొచ్చింది.

మనిషి సంగతీ అంతే. పడుకున్నవాడు లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి జారుతుంది. మెడలో రక్తనాళం రెండుగా చీలే చోట ఒక కాపలాదారు ఉన్నాడు. పీడనం తగ్గిందని అతను కబురు పంపితే గుండె వేగం పెంచుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఇదంతా కొన్ని సెకన్లలో జరిగిపోతుంది. ఈ ఏర్పాటును 1920లలో జర్మనీలో హెరింగ్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. కబురు ఆలస్యమైనా, పంపడానికి రక్తమే చాలకపోయినా, మెదడుకు సరఫరా తగ్గి కళ్ళు బైర్లు కమ్ముతాయి. ఒళ్ళు విరుచుకునేటప్పుడు మనం తెలియకుండానే ఊపిరి బిగబట్టి, మెడ వెనక్కి వంచుతాం. ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు వచ్చే రక్తం ఇంకాస్త తగ్గుతుంది. కాకాకు రెండూ ఒకేసారి జరిగాయన్న మాట.

లండన్‌లో రాజుగారి కవాతులో ఎలుగుబంటి తోలు టోపీలు, ఉన్ని కోట్లు వేసుకుని గంటల తరబడి కదలకుండా నిలబడే సిపాయిలు కూడా ఇట్లాగే పడిపోతుంటారు. 2023 జూన్‌లో యువరాజు విలియం ముందే కొందరు పడిపోయారు, ఫొటోలు పేపర్లలో వచ్చాయి. మంచి తిండి, మంచి వయసు, రోజూ వ్యాయామం ఉన్నవాళ్ళు. కాలి పిక్కలు కదిలితేనే అవి రక్తాన్ని పైకి తోస్తాయి. కదలని మనిషికి ఆ సాయం ఉండదు. చక్కరొచ్చినవాడు మెత్తనివాడు, పనిదొంగ అనేవాళ్ళకు ఈ సిపాయిలను చూపించాలి.

1925లో న్యూయార్క్‌లో బ్రాడ్‌బరీ, ఎగిల్‌స్టన్ అనే ఇద్దరు డాక్టర్లు ముగ్గురు రోగుల గురించి రాశారు. పడుకుంటే బాగుండే బీపీ నిలబడగానే పడిపోయేది. చెమట సరిగా పట్టేది కాదు. ఎండాకాలంలో బాధ ఎక్కువయ్యేది. అది నరాల జబ్బు, చాలామందికి రాదు. కానీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసే పద్ధతి అందరికీ పనికొచ్చేదే. నిలబడ్డ మూడు నిమిషాల్లో పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే దాన్ని లెక్కలోకి తీసుకోవాలని 1996లో డాక్టర్లు ఒక ఒప్పందానికి వచ్చారు.

ఇక కూలీల దగ్గరికి వద్దాం. అసలు చరిత్ర ఇక్కడే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు వాళ్ళ సైన్యం మనకు దగ్గరి బస్రాలోనే ఉంది. అందులో మన దేశం సిపాయిలు, మోత పనివాళ్ళు వేల మంది. 1917 వేసవిలో తుపాకీ దెబ్బ లేకుండానే, వడదెబ్బకే సైనికులు రాలిపోయారు. అక్కడి పెద్ద డాక్టరు విల్‌కాక్స్ 1920లో దాని గురించి రాశాడు. ఈ గల్ఫ్ ఎండకు బలైన మొదటి పరదేశి కూలీలం మనం కాదు.

కొద్ది ఏళ్ళకే ఇంగ్లాండు లోతైన బొగ్గు గనుల్లో ఒక వింత గమనించారు. వేడిలో పనిచేసే కార్మికులు చెమట ఓడ్చి, నీళ్ళు కడుపునిండా తాగేవాళ్ళు. అయినా కండరాలు పట్టేసి విలవిలలాడేవాళ్ళు. నీళ్ళు తాగినా ఎందుకిట్లా? 1923లో నెవిల్ మాస్ అనే మైనింగ్ ప్రొఫెసరు, ఆయనతో కలిసి పనిచేసిన హాల్డేన్ చెప్పిన జవాబు చాలా చిన్నది, ఉప్పు. చెమటతో ఉప్పు పోతోంది, నీళ్ళు ఒక్కటే తిరిగి వస్తున్నాయి. తాగే నీళ్ళలో కొంచెం ఉప్పు కలిపితే పట్టేయడం ఆగింది. ఉప్పు తగ్గితే ఒంట్లో నీరు నిలవదు, నీరు నిలవకపోతే రక్తం తగ్గుతుంది, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి.

మమ్మల్ని ఎక్కువ కదిలించింది అమెరికా కథ. 1931లో కొలరాడో నదిమీద, ఎడారి మధ్య లోయలో, పెద్ద ఆనకట్ట పని మొదలైంది. ఇప్పుడు దాన్ని హూవర్ డ్యామ్ అంటారు. అప్పుడు దేశంలో పనుల్లేని కాలం. దొరికిన పని వదులుకునే ధైర్యం ఎవరికీ లేదు. కార్మికులకు కట్టాల్సిన ఊరు ఇంకా పూర్తి కాలేదు, పని మాత్రం మొదలుపెట్టేశారు. కొందరు నది ఒడ్డున రేకుల బ్యారక్‌ల్లో, కొందరు పెళ్ళాం పిల్లలతో గుడారాల్లో ఉన్నారు. లోయలో 49 డిగ్రీల దాకా ఎండ. తాగే నీళ్ళు గోరువెచ్చగా ఉండేవి. జూన్ చివర, జూలైలో డజను మందికి పైగా ఎండకే చనిపోయారు. ఆగస్టులో కార్మికులు సమ్మె చేశారు. కోరికల్లో కూలి సంగతితో పాటు శుభ్రమైన నీళ్ళు, ఐసు నీళ్ళు కూడా ఉన్నాయి. ఐసు నీళ్ళ కోసం సమ్మె! చదువుతుంటే మా సైట్‌లో మధ్యాహ్నానికి ఖాళీ అయ్యే కూలర్ కళ్ళ ముందు కనపడింది. సమ్మె వారం పది రోజుల్లో విరిగిపోయింది. కంపెనీ కోరికలు ఒప్పుకోలేదు. అయితే తర్వాత మంచి బ్యారక్‌లు వచ్చాయి, నీళ్ళు కూడా మెరుగుపడ్డాయి.

మరుసటి వేసవి, 1932లో, హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ బ్రూస్ డిల్, ఆయన తోటివాళ్ళు అక్కడికి వచ్చి కార్మికుల చెమటను, రక్తాన్ని పరీక్షించారు. బొగ్గు గనుల్లో దొరికిన జవాబే ఇక్కడా దొరికింది. నీళ్ళు ఒక్కటే చాలవు, తిండిలో ఉప్పు ఉండాలి. ఇంకో సంగతి కూడా తేలింది. ఎండకు అలవాటు పడినవాడి చెమటలో ఉప్పు తక్కువ పోతుంది. కొత్తవాడికి ఎక్కువ పోతుంది. ఆ తర్వాత ఫ్యాక్టరీల్లో ఉప్పు బిళ్ళలు పంచడం ఒక ఫ్యాషనైంది. నీళ్ళు లేకుండా ఒట్టి బిళ్ళలు మింగితే కడుపులో తిప్పుతుందని తెలిసి తర్వాత తగ్గించారు.

దక్షిణాఫ్రికా బంగారు గనుల వాళ్ళు ఈ అలవాటు సంగతిని గట్టిగా పట్టుకున్నారు. 1930ల నుంచి కొత్తగా వచ్చిన కూలీలను వేడి గదిలో పని చేయించి చూసి, మెల్లమెల్లగా అలవాటు చేసి గనిలోకి దింపారు. ఒంటికి ఎండ అలవాటు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఎండకు దూరంగా కొన్ని వారాలుంటే ఆ అలవాటు పోతుంది కూడా. రెండు నెలలు ఇంటికి వెళ్ళి జూలైలో తిరిగొచ్చిన పాత మేస్త్రీ, ఆ మొదటి వారం కొత్త కుర్రాడితో సమానమే. మనవాళ్ళు చాలామంది ఇది ఒప్పుకోరు. "పదేళ్ళ నుంచి ఉన్నా, నాకేంది" అంటారు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అడాల్ఫ్ అనే శాస్త్రజ్ఞుడు కాలిఫోర్నియా ఎడారిలో సైనికులను గమనించాడు. పక్కనే కావలసినన్ని నీళ్ళున్నా, చెమటగా పోయినంత ఎవరూ తాగలేదు. దాహం తీరినట్టు అనిపిస్తుంది గాని లోటు తీరదు. తిండి దగ్గర కూర్చున్నప్పుడే ఆ లోటు పూడేది. అందుకని దాహం వేసినప్పుడు తాగుదాంలే అనుకుంటే ఎడారిలో లెక్క తప్పుతుంది. ఎండలో గట్టి పని చేస్తే గంటకు ఒక లీటరు, అంతకు మించి కూడా చెమట పోతుంది.

ఇక మన దేశం పేరు చెప్పుకోవలసిన చోటు ఒకటుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి కాందిశీకులు బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరాతో చనిపోతుంటే సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా పొడి నీళ్ళలో కలిపించి డ్రమ్ముల్లో ఉంచి తాగించాడు. వందకు ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. ఇవాళ మెడికల్ షాపులో దొరికే ఓఆర్ఎస్ ప్యాకెట్ వెనక ఆ శిబిరం ఉంది. ఆయన 2022లో కన్నుమూశాక, 2023లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. 2015 మేలో ఆంధ్ర, తెలంగాణల్లో వడగాడ్పులకు వేయి మందికి పైగా పోయారు కదా, అప్పటినుంచి మన ఊళ్ళలో ఆశా కార్యకర్తలు పంచేదీ ఆ ప్యాకెట్లే. మన అవ్వలు పొలానికి పంపిన ఉప్పేసిన అంబలి, మజ్జిగ కూడా చేసే పని దాదాపు అదే. ఇక్కడ లబన్ దొరుకుతుంది, చిటికెడు ఉప్పు వేసుకోవచ్చు.

గల్ఫ్‌లో చట్టాలు ఆలస్యంగా వచ్చాయి. ఎమిరేట్స్‌లో మధ్యాహ్నం పని నిషేధం 2005లో మొదలైంది. ఇప్పుడది జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, పన్నెండున్నర నుంచి మూడు వరకు. ఖతర్ 2021లో దాన్ని పెంచి, జూన్ 1 నుంచి పొద్దున పది నుంచి మూడున్నర దాకా చేసింది. వేడినీ గాలిలో తేమనూ కలిపి లెక్కగట్టే కొలత 32.1 దాటితే ఏ వేళ అయినా పని ఆపాలని కూడా పెట్టింది. ఆ కొలత పుట్టింది కూడా అమెరికా నావికా సైనికుల శిక్షణ శిబిరంలో జవాన్లు పడిపోతుంటే, 1950లలో. అయితే చట్టం గడియారం మధ్యాహ్నాన్నే చూస్తుంది. తెల్లవారి నాలుగింటికి మంచం దిగేవాడిని చూడదు.

కాకా సంగతికి వస్తాం. బతిమాలి క్లినిక్‌కు తీసుకెళ్ళాం. పడుకోబెట్టి చూస్తే బీపీ 118, నిలబెట్టి చూస్తే 92. షుగర్ లేదు, రక్తం తక్కువ లేదు. డాక్టరు ఒకే ప్రశ్న అడిగాడు, రాత్రి నీళ్ళు ఎన్ని తాగుతావని. కాకా తల దించుకున్నాడు. సాయంత్రం ఆరు తర్వాత ఆయన నీళ్ళు ముట్టడు. రాత్రి లేస్తే బాత్రూం ఆవరణ అవతల ఉంది, గదిలో ఎనిమిది మందికి నిద్ర చెడుతుందని. పగలంతా చెమట, రాత్రంతా ఎండిన గొంతు.

డాక్టరు చెప్పినవి ఇవి. లేవగానే నిలబడవద్దు. మంచం మీదే ఒక గ్లాసు నీళ్ళు తాగి, పాదాలు పది ఇరవైసార్లు ఆడించి, రెండు నిమిషాలు కూర్చుని దిగాలి. తల తిరుగుతుంటే మొండికెయ్యకుండా కూర్చోవాలి, వీలైతే కాళ్ళు ఎత్తి పడుకోవాలి. పరంజా మీద ఉంటే ఎవరేమన్నా సరే అక్కడే కూర్చుని కేక వెయ్యాలి. బీపీ బిళ్ళలు వేసుకునేవాళ్ళు ఉప్పు తమంతట తాము పెంచకూడదు, ఆ బిళ్ళలే కారణం కావచ్చు కాబట్టి డాక్టరుకు చెప్పాలి. ఛాతీ నొప్పి, గుండె దడతో పడిపోయినా, పని చేస్తూ చేస్తూ హఠాత్తుగా పడిపోయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది చక్కరు కాదు, వడదెబ్బ. అంబులెన్స్ వచ్చేలోగా నీళ్ళు పోసి, గాలి విసిరి ఒళ్ళు చల్లబరచాలి.

మా టైం షీట్‌లో ఇప్పటికీ కొత్త గడి రాలేదు. రిమార్కులు అని చివర సన్నటి గడి ఒకటి ఎప్పటినుంచో ఖాళీగా ఉండేది. అందులో "కళ్ళు తిరిగాయి, టైము ఇంత, నీడలో ఇన్ని నిమిషాలు" అని రాస్తున్నాం. ఇన్‌చార్జి మొదటి వారం ఏమిటిదని అడిగాడు. ఒక్క నెలలో పదకొండు చూశాక, నీళ్ళ కూలర్ ఒకటి గదుల వరండాలోకి మార్పించాడు. బాత్రూం మాత్రం ఆవరణ అవతలే ఉంది. దాని గురించి కాగితం రాసి పెట్టాం. కాకా కూడా దానిమీద సంతకం చేశాడు.