అమ్మినా చేతికి రాని లాభం: కువైట్ మనాఖ్ బజారు, 1982

మంగఫ్ తీరానికి పడమట కొద్ది దూరంలో అహ్మదీ, దాని చేరువలోనే బుర్గాన్ చమురు క్షేత్రం. అక్కడ 1938లో చమురు పడింది. 1946లో ఎగుమతి మొదలైంది. 1973లోను, 1979లోను చమురు ధరలు ఎగబాకినప్పుడు పోగుపడిన ధనంలో కొంత కువైట్ నగరంలోని ఒక షేర్ల బజారుకు చేరింది. ఒడుదొడుకులున్న చిన్న షేరును అట్టే పెట్టుకోవాలా, వచ్చిన లాభంతో ముందే తప్పుకోవాలా అన్న పాత ప్రశ్నను ఆ బజారు చరిత్ర మరో కోణంలో చూపిస్తుంది.

దాని పేరు సూక్ అల్-మనాఖ్. మనాఖ్ అంటే ఒంటెలు మోకరిల్లే చోటు. ఒకప్పుడు ఒంటెల బేరాలు సాగిన స్థలంలో లేచిన భవనంలో 1970ల చివర షేర్ల బేరాలు ఊపందుకున్నాయి. అధికారిక మార్కెట్‌లో కువైట్ కంపెనీల షేర్లుండేవి. ఇక్కడ ప్రధానంగా బహ్రెయిన్, ఎమిరేట్లలో నమోదైన చిన్న సంస్థలవి. వాటిలో అనేకం ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న తీరువి. పైగా 1977లో అధికారిక మార్కెట్ పడిపోయినప్పుడు ప్రభుత్వమే ఒక ధర కట్టి షేర్లు కొన్నది. నష్టం వస్తే రాజ్యం ఆదుకుంటుందన్న ధీమా అప్పుడే నాటుకున్నది.

ఈ బజారు అసలు ఇంధనం పోస్ట్‌డేటెడ్ చెక్కు. ఉదాహరణకు, ఆనాటి ధర వంద దినార్లున్న షేరును, ఏడాది తరువాతి తేదీ వేసిన రెండు వందల దినార్ల చెక్కుకు అమ్మవచ్చు. కొన్నవాడు గడువులోగా దానిని అంతకన్నా హెచ్చు ధరకు, మరొకరి చెక్కుకు అమ్మగలనని నమ్మేవాడు. కువైట్ చట్టం ప్రకారం చెక్కును తేదీకి ముందే బ్యాంకులో వేయవచ్చు. ఎవరూ వేయకపోవడం కేవలం మర్యాద. 1982 వేసవిలో ఆ మర్యాద తప్పింది. పాస్‌పోర్టు కార్యాలయంలో పనిచేసిన జాసిమ్ అల్-ముతావా అనే యువకుడి చెక్కు చెల్లలేదు. అతని చెక్కుల విలువ వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. ప్రభుత్వం చెక్కులన్నిటినీ నమోదు చేయించగా దాదాపు 29,000 లెక్కకు వచ్చాయి. వాటి మొత్తం సుమారు 9,400 కోట్ల డాలర్లు. దేశపు వార్షికోత్పత్తికి అనేక రెట్లు.

ఇక్కడే మన ప్రశ్న కొత్తగా ఎదురవుతుంది. షేరును అట్టే పెట్టుకున్నవాడు నష్టపోయాడు, సరే. వివేకంతో ముందే అమ్మినవాడి చేతిలో మిగిలినదేమిటి? ఒక చెక్కు. అతడు షేరు నుంచి తప్పుకున్నాడే గాని బజారు నుంచి తప్పుకోలేదు. ఒక కంపెనీ భవిష్యత్తుకు బదులు ఒక మనిషి బాకీని నమ్ముకున్నాడు. ఆ మనిషి బాకీ తీర్చగలగడం మళ్ళీ అవే షేర్ల ధర మీద ఆధారపడింది. అంటే, అమ్మినా అతడు ఆ షేరునే వేరొక పేరుతో పట్టుకొని ఉన్నాడు. నగదు పుచ్చుకొని బజారు బయట భద్రపరచినవాడొక్కడే లాభం స్వీకరించినట్టు.

చిన్న మదుపరుల కోసం ప్రభుత్వం నిధి పెట్టవలసి వచ్చింది; బాకీల పరిష్కారం ఏళ్ళ తరబడి సాగింది. 1983లో స్టాక్ ఎక్స్ఛేంజ్‌ని కొత్త చట్టంతో పునర్వ్యవస్థీకరించారు.

కువైట్ కంపెనీల షేర్లు కొనే వెసులుబాటు విదేశీయులకు 2000లో చేసిన చట్టంతో గాని రాలేదు. ఈనాడు మంగఫ్‌లోని తెలుగువారు పలు దేశాల చిన్న చమురు కంపెనీల షేర్లను ఫోనులోనే కొనగలరు. సొమ్ము కూడా త్వరగానే ఖాతాకు చేరుతుంది. అయినా అప్పు చేసి కొన్నవారికి, లాభాన్ని వెంటనే అదే రంగంలోని మరో చిన్న షేరులో పెట్టేవారికి మనాఖ్ పాఠం వర్తిస్తుంది. ఎప్పుడు అమ్మాలన్నది సగం ప్రశ్నే. అమ్మిన తరువాత చేతిలో ఏమున్నదన్నది తక్కిన సగం.