బ్యాటింగ్ సగటు ఎలా పుట్టింది?

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో పరుగుల లెక్క కర్ర మీద ఉండేది. మైదానం పక్కన కూర్చున్న స్కోరర్ పరుగుకొక గాటు పెట్టేవాడు. ఆట అయ్యాక గాట్లు లెక్కపెడితే ఏ జట్టు గెలిచిందో తేలేది. ఎవరెన్ని కొట్టారో తెలియాలంటే మాత్రం కాగితం కావాలి. హ్యాంప్‌షైర్‌లో హ్యాంబుల్డన్ క్లబ్ వెలిగిపోతున్న రోజుల్లో, 1772 నుంచి, ఒక్కో బ్యాటర్ పేరూ పరుగులూ రాసిన స్కోరుకార్డులు వరుసగా దొరుకుతున్నాయి. ఎంసీసీ తొలి స్కోరర్ శామ్యూల్ బ్రిచర్ 1790 నుంచి ఏటేటా స్కోర్లను పుస్తకాలుగా అచ్చువేశాడు.

ఆ కార్డుల్లో ఏమేం లేవో కూడా చూడాలి. బ్యాటర్ ఎన్ని బంతులాడాడో లేదు. క్యాచ్ పడితే పట్టినవాడి పేరే రాసేవారు, బౌలర్ ఖాతాలో వికెట్ పడటం 1830ల్లో గానీ మొదలు కాలేదు. మేటి బ్యాటర్ ఎవరని తేల్చడానికి చేతిలో ఉన్నవి పరుగులు, ఇన్నింగ్స్. సగటు ఆ రెండిట్లోంచే పుట్టింది. తొలినాళ్లలో దానికి దశాంశాలు కూడా లేవు. 10 ఇన్నింగ్స్‌లో 125 పరుగులు చేసినవాడికి సగటు 12, శేషం 5 అని విడివిడిగా వేసేవారు.

నాటౌట్ల దగ్గర చిక్కు వచ్చింది. మొదట అన్ని ఇన్నింగ్స్‌తోనూ భాగించేవారు. పోనుపోను ఔటైన సార్లతోనే భాగించడం స్థిరపడింది. తోటివాళ్లంతా ఔటై తానొక్కడే మిగిలిపోయిన బ్యాటర్‌కు అన్యాయం జరగకూడదన్న ఆలోచన అందులో ఉంది. ఆలోచన మంచిదే. కానీ 1953లో ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండ్‌లో పర్యటించినప్పుడు బ్యాటింగ్ సగటుల్లో అగ్రస్థానం పదకొండో నంబరు ఆటగాడు బిల్ జాన్‌స్టన్‌కు దక్కింది. 17 ఇన్నింగ్స్‌లో 102 పరుగులు చేసి ఒక్కసారే ఔటయ్యాడు, సగటు 102! ఇన్నింగ్స్‌కు సరిగ్గా 6 పరుగులు.

అందుకే సగటు పక్కన ఇన్నింగ్స్ ఎన్నో, నాటౌట్లు ఎన్నో రాయని వ్యాసం నాకు సగమే అనిపిస్తుంది. బ్రాడ్‌మన్‌కు ఈ పరీక్ష పెట్టి చూడండి. 80 ఇన్నింగ్స్, 10 నాటౌట్లు, 6996 పరుగులు, సగటు 99.94. నాటౌట్ల వెసులుబాటు తీసేసి 80తో భాగించినా 87.45 వస్తుంది. ఏ వైపునుంచి లెక్కించినా నిలబడే అంకె అది.

బంతుల లెక్క ఆలస్యంగా వచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన బిల్ ఫెర్గూసన్, బీబీసీలో బిల్ ఫ్రిండాల్ వంటి స్కోరర్లు ఏ బంతి ఎవరు వేశారో, ఎవరు ఆడారో పూసగుచ్చినట్టు రాసిపెట్టారు. ఆ శ్రమ విలువ 1975 జూన్ 7న లార్డ్స్‌లో తెలిసింది. తొలి ప్రపంచకప్ తొలి రోజు, ఇంగ్లండ్ 60 ఓవర్లలో 334 పరుగులు చేసింది. జవాబుగా సునీల్ గావస్కర్ చివరిదాకా నిలిచి 174 బంతుల్లో 36 నాటౌట్, భారత్ 132 దగ్గర ఆగిపోయింది. సగటు లెక్కలో ఈ ఇన్నింగ్స్ గావస్కర్‌కు లాభమే: పైన 36 పరుగులు చేరాయి, కింద భాజకం పెరగలేదు. జట్టుకు జరిగిన నష్టం స్ట్రయిక్ రేట్‌లోనే కనిపిస్తుంది.

అలాగని నాటౌట్‌లను అనుమానంగా చూడటమూ పొరపాటే. వి.వి.ఎస్. లక్ష్మణ్ టెస్టు సగటు 45.97. అది చూసి ఆయన్ను సమకాలికుల వెనుక వరుసలో నిలబెట్టేవారున్నారు. ఆయన 34 సార్లు నాటౌట్‌గా మిగిలారు. వాటిలో ఎన్నో టెయిలెండర్లను వెంటబెట్టుకుని ఆడినవి. 2010 అక్టోబరు, మొహాలీ టెస్టునే తీసుకోండి. ఆస్ట్రేలియాపై గెలవడానికి 216 పరుగులు కావాలి, 124కే 8 వికెట్లు పోయాయి. నడుం నొప్పి వల్ల లక్ష్మణ్ ఏడో స్థానంలో దిగి, రైనాను రన్నర్‌గా పెట్టుకుని ఆడుతున్నారు. ఇషాంత్ శర్మ 31 పరుగులతో తోడు నిలిచాడు, ఇద్దరూ కలిసి 81 జోడించారు. ఇషాంత్ ఔటయ్యేసరికి ఇంకా 11 కావాలి. చివరి వికెట్‌గా వచ్చినవాడు ప్రజ్ఞాన్ ఓఝా, రంజీల్లో లక్ష్మణ్‌తోపాటు హైదరాబాద్‌కు ఆడినవాడే. భారత్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది. లక్ష్మణ్ 73 నాటౌట్, 79 బంతుల్లో.