ఈశ్వరవేరు కషాయము

ఈశ్వరవేరును కషాయము కాఁచి పాముకాటునకును, జ్వరములకును, స్త్రీల ఋతుబాధలకును ఇచ్చుట మనలో పూర్వాచారము. గ్రీకులును ఈ జాతి మొక్కను ప్రసవసమయమున వాడిరి. అరిస్టొలోకియా యను పేరునకు ప్రసవమునకు శ్రేష్ఠమని యర్థము. ఇంత ప్రాచీనమగు మందు నిరపాయమని పెద్దలు నమ్ముటలో వింత లేదు. జ్వరము తగ్గుట నాలుగు దినములలోఁ గనఁబడును. మూత్రపిండములు చెడుట యేండ్లకుఁ గాని బయటపడదు. ఆ రెంటికిని గల సంబంధమును ఇంటివారెట్లు గుర్తింతురు?

1993లో బెల్జియము వైద్యులు గుర్తించిరి. బ్రస్సెల్సులో దేహము సన్నబడుటకై మూలికలు సేవించిన స్త్రీలకు మూత్రపిండములు చెడెను. ఒక చీనా మూలికకు మాఱుగా ఈ జాతి వేరు చేరినదని విచారణలోఁ దేలెను. డాన్యూబు ఉపనదీతీరముల పల్లెలను చిరకాలము పీడించిన మూత్రపిండవ్యాధికిని ఈ జాతి విషమే కారణమని పిదప నిర్ణయించిరి. దాని గింజలు అచట గోధుమలతోఁ గలిసి రొట్టెలోఁ జేరెడివి. 2002లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ఇట్టి మూలికౌషధములను క్యాన్సరుకారకములలోఁ జేర్చెను. మరిగించినంత మాత్రమున ఆ విషము పోదు.

వజ్రపుకొత్తూరు, కవిటి మొదలగు ఉద్దానపు పల్లెలలో మూత్రపిండవ్యాధి మిక్కుటము. దానికి ఈశ్వరవేరు కారణమని మేమనము. అచటి వ్యాధికి ఏ కారణమును ఇంకను స్థిరపడలేదు. కాని మూత్రపిండములు ఇదివఱకే నీరసించిన యింట, పేరెఱుఁగని వేరుపొడిని కాఁచి త్రాగింపవచ్చునా? 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండవ్యాధుల యాసుపత్రి ప్రారంభమైనది. కషాయము త్రాగువారు ఆ మాట వైద్యునికిఁ దాఁచక చెప్పవలెను. వేరుముక్కను వెంటఁ గొనిపోయిన మఱింత మేలు.